గట్టిగ కట్టిన తీగ

కొత్తవాడ, వరంగల్
12–7–1981

అక్కా,

నీ తమ్ముడు వెంకట్రాజం. పోయిన ఉత్తరంల నువ్వు తిట్టిన తిట్లన్నీ మంచిగ ముట్టినయ్. ‘ఊరందరి రేడియోలు బాగుచేస్తవ్, అక్కకొక్కటి ఇయ్యనీకి నీ చేతులు పడిపోయినయా’ అన్నవ్. పడిపోలే. ఇగో, ఏటూరునాగారం బస్సు డ్రైవర్ తోని పంపుతాన. పెట్టె పాతది, లోపలి సామానంత కొత్తది, నేనే కూసోని ఎక్కిచ్చిన.

రేడియో తోని ఒక జర్దా డబ్బ వస్తది. జర్దా అనుకోని బావ నోట్లె ఏసుకుంటడేమో, ముందుగాలనే చెప్పు. దాన్ని బూస్టర్ అంటరు. మీది అడివి జాగ, హైదరాబాద్ స్టేషన్ నూటయాభై మైళ్లు. పాట మీ ఊరు ముట్టేవరకు పానం పోయి ఉంటది. ఆ పానంబోయిన పాటను పట్టి ఈ డబ్బ పెద్దగ చేస్తది. డబ్బకు రాగితీగ ఒకటి ఉన్నది, అది ఏరియల్. ఇంటి మీద కట్టకు, మీ ఊరి కోతులు ఉయ్యాల ఊగుతయ్. ఇంట్లనే దూలం పొంటి సాగదీసి మొలలకు చుట్టు.

ఈడ కొత్తవాడల పొద్దుగాల లేస్తే జంపఖానా మగ్గాల సప్పుడు, దాని మీద నా దుకాణంల లొల్లి. మొన్న ఒకడు వచ్చి ‘నా రేడియో పాడుచేసినవ్’ అని కాలర్ పట్టిండు. నా చేతిల సోల్డరింగ్ కడ్డి కాలుతాంది. వాని ముంజేతికి అంటిచ్చిన. చర్మం లేసొచ్చింది. నా పని మీద ఎవడన్న మాట అంటే నాకు పిచ్చి లేస్తది, నీకు తెల్వంది కాదు. ఈ వరంగల్‌ల నా చెవికి మించిన మీటర్ లేదు. చెయ్యి పెట్టకుంటనే రోగం చెప్త.

నీ మరదలు చిలుకమ్మకు ఆరో నెల. పోస్టాఫీసుకు పోయి రేడియో లైసెన్సు తీసుకో, మర్వకు. బావకు దండాలు. ఐలయ్య మీట ఊకె తిప్పితే చెవులు పిండుత అన్నట్టు చెప్పు.

నీ తమ్ముడు
వెంకట్రాజం


గుండ్లగూడెం
2–8–1981

తమ్మీ,

రేడియో ముట్టింది, డబ్బ ముట్టింది. నీ కడుపు సల్లగుండ. తీగ మా మరిది ఐలయ్యే కట్టిండు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఐదేండ్ల పోరడు, అత్త సచ్చిపోతే నా సంకలనే పెరిగిండు. ఇప్పుడు వాడు దూలమెక్కితే ఇల్లు కిందికి దిగేటట్టున్నది. నాకు కొడుకు లేడన్న రంది వాన్ని చూసి మర్సిపోతాన.

పగటీలి పాట గంటలెక్క వచ్చింది. వాడంత మా అరుగు మీదనే. పొద్దూకింది, కరంటు వచ్చింది, ఇగ సూడు, బుయ్యి— అని మొదలువెట్టింది. వార్తలు చదివేటాయనను ఎవడో పీక పిసుకుతానట్టు. మాకు కరంటు పొద్దూకినంకనే వస్తది, తెల్లారంగ పోతది. కరంటు ఉన్నంతసేపు ఇదే లొల్లి. ఇదేనా నువ్వు చేసిన బొమ్మ? జర్దా డబ్బలనన్న ఇంత జర్దా పోసి పంపితే నములుకుందును.

ఇగ మా ఇంటి లొల్లి ఇను. మొగిలయ్య తెలుసు కదా, మీ బావ చిన్నాయన కొడుకు, మా చేను పక్కదే వాని చేను. ఒడ్డు చెక్కిండని మీ బావ పార కామతోని తలకాయ మీద కొట్టిండు. నెత్తి పగిలి రక్తం కండ్లల్లకు కారుతాంటే మొగిలయ్య మీ బావ చెయ్యి కొరికి పట్టుకున్నడు, ఐలయ్య దవడలు ఇడిపిచ్చేదాక ఇడువలే. వానికి దవాఖాన్ల ఆరు కుట్లు, ఈయనకు నాలుగు. మూడు వేళ్లంత ఒడ్డు కోసం పది కుట్లు! పూలమ్మ, అదే మొగిలయ్య పెండ్లాం, ఆ పొద్దు నుంచి నన్ను చూసి ఉమ్ముతాంది. నేను ఊకుంటనా? నేనూ ఉమ్ముతాన.

పైకెల్లి అడివిపందులు. మక్కచేను రోజొక మూల దున్నుకపోతానయ్. మీ బావకు నిద్ర లేదు, పండ్లు కొరుకుతాండు. నువ్వు ఈ బుయ్యి సంగతి ఏందో చెప్పు.

నీ అక్క
సమ్మమ్మ


కొత్తవాడ
14–8–1981

అక్కా,

నా రేడియోను ఏమనకు. తప్పు లైనుది.

కరంటు తోని వచ్చి కరంటు తోని పోతాందంటే ఆ లొల్లి లైను మీది నుంచే వస్తాంది. ఎక్కడనో నిప్పురవ్వ కొడతాంది. రవ్వ కొట్టినప్పుడల్ల అది కూడ ఒక స్టేషన్ లెక్కనే, రేడియోకు ఇనవడుతది. బూస్టరుకు పాటేందో లొల్లేందో తెల్వది, రెండిటిని పెద్దగ చేస్తది. గది దాని గుణం.

రవ్వ ఎందుకు కొడతది? నన్నడిగితే మీ ఊర్ల ఎవడో లైనుకు కొండి తగిలిచ్చిండు. దొంగ కరంటు. పందులున్నయంటివి కదా, చేను సుట్టు తీగ కట్టి దాంట్లకు కరంటు ఇచ్చిండనుకుంట. హసన్‌పర్తి దిక్కు గిట్లనే కట్టిన్లు, పంది సావలే, రెండు బర్లు సచ్చినయ్. బర్ల కాపరి బతికిండు గని చేతివేళ్లు మూడు పోయినయ్. పొద్దూకినంక చేన్లల్లకు పోవద్దని ఐలయ్యకు గట్టిగ చెప్పు. ముఖ్యంగ ఇది.

పది కుట్ల సంగతి చదివి నవ్వొచ్చింది. బావకు చెప్పు, ఈసారి కామతోని కాదు, మాటతోని కొట్టుమని.

వెంకట్రాజం


గుండ్లగూడెం
9–10–1981

తమ్మీ,

ఐలయ్య సచ్చిపోయిండు. దీన్ని ఇంకో తీరుగ ఎట్ల రాయాల్నో నాకు తెల్వది.

పోయిన మంగళవారం. తెల్లారకముందే చేను దిక్కు పోయిండట, నాకు చెప్పలే. పొద్దు పొడిసినంక ఒర్రె కాడ దొరికిండు, మొగిలయ్య చేను అంచున. కుడికాలు మడిమె కాడ తోలు కాలి బొక్క కనవడుతాంది. కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉన్నది, నేనూ ఇంకిద్దరు ఆడోళ్లు గుంజినా ఇడలే. కమురు వాసన. తమ్మీ, నేను పెంచిన పోరని ఒంటి నుంచి కమురు వాసన.

తీగ లేదు, ఏం లేదు. గడ్డి మాత్రం మనిషిని ఈడ్చినట్టు పండి ఉన్నది. ఠాణ నుంచి జమేదార్ వచ్చి దూరం నుంచే చూసి, పాము కరిసింది, రాసుకోండ్లి అన్నడు. పాము కరిస్తే కాలు కాలుతదా? అడిగితే ‘నీకు డాక్టర్ చదువున్నదా’ అన్నడు. నేను చెప్పు తీసిన. నలుగురు పట్టుకున్నరు.

మీ బావ మూడొద్దులు నోరిప్పలే. నాలుగో పొద్దు ‘ఎవని తీగ అయ్యుంటది’ అని అడిగిన. అన్నం కుండ గోడకు కొట్టిండు, నా జుట్టు పట్టి గడప దాక గుంజిండు, ‘నన్నడుగుతానవా, నన్నా’ అని తన్నిండు. నా పక్కబొక్క నొస్తాంది. కోపం లేదు నాకు. తమ్ముడు పోయిన మనిషి, ఎవల మీద చూపెట్టుకుంటడు?

నువ్వు రాసినవ్ కదా, ఎవడో చేనుకు తీగ కట్టిండని. ఇప్పటికీ పొద్దూకంగనే రేడియో మొత్తుకుంటనే ఉన్నది. నాకు ఒక్కటే కావాలె. నా ఐలయ్యను సంపిన తీగ ఎవనిదో తెల్వాలె. అది తెలిసేదాక నాకు బువ్వ ఇంపుగాదు. నీ రేడియో చెప్తదా? చెప్తదంటే ఎట్లనో రాయి.

సమ్మమ్మ


కొత్తవాడ
17–10–1981

అక్కా,

నీ ఉత్తరం చదివి దుకాణం మూసిన. నిన్ననే చిలుకమ్మకు కానుపైంది, ఆడపిల్ల. తల్లికి రక్తం ఆగుతలేదు, దవాఖాన్ల పెట్టిన. ఇడిసిపెట్టి రాలేకపోతాన. ఐలయ్య మట్టికి రాకపోతినని నా గుండె మండుతాంది. ఆ తీగ కట్టినోడు నా చేతికి దొరికితే వాని రెండు చేతులు లైనుకు కట్టి స్విచ్ ఏస్త. కూసోని చూస్త.

రేడియో చెప్తది. నేను చెప్తాన, ఇను. మనిషి సచ్చినంక వాడు చేను సుట్టు తీగ తీసిండు గని, స్తంభం కాడి కొండి తియ్యలే. ఇంట్ల బల్బుకో మోటరుకో ఇంకా గుంజుతనే ఉన్నడు. రేడియో ఇంకా మొత్తుకుంటాందంటే అర్థం అదే. పొద్దూకి కరంటు రాంగనే రేడియో సంకల పెట్టుకొని లైను కింద నడువు. ప్రతి స్తంభం కాడ ఆగు. ఎక్కడ ఎక్కువ మొత్తుకుంటదో ఆడ కొండి ఉన్నట్టు. కొండి ఎవనిదో తీగ వానిదే. దీంట్ల ఫరక్ రాది.

నా చెవి మీద నమ్మకం ఉన్నది కదా? ఇది కూడ నా చెవే అనుకో, నీ చేతిల పెట్టిన.

వెంకట్రాజం


గుండ్లగూడెం
29–10–1981

తమ్మీ,

నడిచిన. నువ్వు పంపిన రేడియో, జర్దా డబ్బ, తీగ, అన్నీ మెడల ఏసుకున్న. తీగ భుజానికి చుట్టుకున్న, పొలిమేర దేవతకు మొక్కు తీర్చుకునేదాని లెక్క ఊరు తిరిగిన. పోరగాండ్లు నవ్విన్లు. మీ బావ ముందు వద్దన్నడు, ‘ఆడిదానివి, పిచ్చిదాని లెక్క ఏం తిరుగుతవ్’ అని. నీ ఉత్తరం చదివి ఇనిపిచ్చిన. మూడుసార్లు చదివిచ్చుకున్నడు. ‘ఎక్కడ మొత్తుకుంటే వాడేనా? నీ తమ్ముడు ఖాయంగ రాసిండా?’ అన్నడు. రాసిండన్న. అప్పుడు తనే ముందల నడిచిండు.

నిజం చెప్పాలంటే ఏ స్తంభం కాడికి పోయినా మొత్తుకుంటనే ఉన్నది. మా ఇంటి కాడ కూడ చెవులు పగిలినయ్. మొగిలయ్య ఇంటి ముంగట స్తంభం కాడ నాకు జర ఎక్కువనిపిచ్చింది. నేను ఇంకా చెవి పెట్టి ఇంటాన, మీ బావ ‘ఈడ్నే, ఈడ్నే’ అన్నడు. ఆయన అన్నంక నాకు మరింత ఎక్కువ ఇనవడ్డది.

మొగిలయ్య! నెత్తి మీద ఆరు కుట్లు పడ్డయని పగపట్టి ఉంటడు. వాని చేను అంచుననే కదా పోరడు దొరికింది. నా నెత్తురు ఉడుకుతాంది. పొద్దున పూలమ్మ బోరింగు కాడ కనవడితే బిందె తీసి దాని మొఖం మీద కొట్టిన. పెదవి పలిగింది. ‘ఎందుకు కొట్టినవే’ అని ఏడ్చింది, ‘నీ మొగన్ని అడుగు’ అన్న.

మీ బావ ఇంట్ల కూసోని గొడ్డలి నూరుతాండు. మాట్లాడుతలేడు. నాకు భయమైతాంది, మనసులనేమో కానియ్యి అని కూడ ఉన్నది. నువ్వు ఒక్క మాట రాయి. అవునా, కాదా?

సమ్మమ్మ


కొత్తవాడ
4–11–1981

అక్కా,

అవును. వాడే.

నేను మొదలే అనుకున్న. ఒడ్డు లొల్లి, చేను అంచు, ఇప్పుడు స్తంభం. ఇంకేం కావాలె? వాన్ని ఊరి నడుమ నిలవెట్టి బొక్కలు ఇరగదన్నాలె. మన ఐలయ్యకు అయినట్టే వాని ఒంటికి కావాలె. వాడు తిన్నడా, పండిండా, పెండ్లాం పిల్లల తోని నవ్విండా ఇన్నొద్దులు? ఠాణకు పోతే మళ్ల పామే అంటరు, మనమే చూసుకోవాలె.

చిలుకమ్మకు జర నయం. బిడ్డ మంచిగున్నది. పేరు ఇంక పెట్టలే.

అక్కా, ఇది రాసి అంటిద్దామనుకుంటాంటే ఒక సంగతి యాదికొచ్చింది. నువ్వు డబ్బ, తీగ మెడలేసుకొని నడిచిన అన్నవ్. అట్ల నడువద్దు. బూస్టర్ ఉంటే దగ్గరిది దూరంది ఒక్కటే తీరు మొత్తుకుంటది, ఏ స్తంభమో ఏం తెల్వది. డబ్బ తీసి ఉత్త రేడియోతోనే నడువాలె. పోయిన ఉత్తరంల ఇది రాసుడు మర్సిన, చిలుకమ్మ పరేషాన్‌ల ఉన్న. మళ్ల ఒక్కసారి ఉత్త రేడియోతో తిరుగు. అప్పటిదాక బావను ఆపు. పదిహేనో తారీఖు, ఆదివారం, నేనే వస్త. మొగిలయ్య కాకపోతే ఎట్ల? ఆపు, అక్కా.

వెంకట్రాజం


గుండ్లగూడెం
13–11–1981

తమ్మీ,

ఆపలేకపోయిన.

నీ ఉత్తరం పగటీలి ముట్టింది. మీ బావ అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుగుతాండు. ‘చదువు’ అన్నడు. ‘అవును, వాడే’ అని చదివిన. ‘బొక్కలు ఇరగదన్నాలె’ దాక చదివిన. లేసి నిలవడ్డడు. ఇంకా ఉన్నది, ఆగు అన్న. ఆగలే. గొడ్డలి తీసుకొని బయటికి పోయిండు. నేను ఉత్తరం చేతిల పట్టుకొని ఎనుక ఉరుకుకుంట మిగిలింది చదువుతనే ఉన్న, నడివీధిల, పెద్దగ. బూస్టర్ సంగతి వచ్చేవరకు మొగిలయ్య ఇంటి ముంగటికి పోయినం.

మొగిలయ్య గడప మీద కూసోని బిడ్డకు తల దువ్వుతాండు. నేను అరిచిన, ‘వాడు కాదు, ఆగు, తమ్ముడు ఆగుమన్నడు’ అని. మొగిలయ్య లేసి దువ్వెన పట్టుకొనే నిలవడి నా దిక్కు చూసిండు. ‘వదినా, అన్నను అడుగు—’ అన్నడు. అంతే. మొదటి దెబ్బ మెడ మీద పడ్డది. బిడ్డ పావడ మీద నెత్తురు చిమ్మింది. పడ్డంక కూడ కొట్టిండు. ఎన్ని కొట్టిండో నేను లెక్కవెట్టలే. పూలమ్మ అడ్డం పడితే దాని చెయ్యి మీద తాకింది, రెండు వేళ్లు ఏలాడినయ్. నేను మీ బావ నడుము పట్టుకొని గుంజిన. మోచేతితో కొట్టిండు, నా పన్ను ఊడింది.

ప్రాణాల కోసం బతిమాలుకుంటాండనుకున్న నేను, ‘అన్నను అడుగు’ అంటే. ‘ఇడువుమని అన్నను అడుగు’ అని.

ఆయన గొడ్డలి అరుగు మీద పెట్టి ఆడ్నే కూసున్నడు. జమేదార్ వచ్చేదాక కూసున్నడు. నీ ఉత్తరాలు రెండు జమేదార్ తీసుకపోయిండు. మొగిలయ్య కొడుకులు మా గడ్డివాముకు అగ్గి పెట్టిన్లు. నేను ఆర్పలే.

మొగిలయ్యదే కదా తమ్మీ ఆ తీగ? నువ్వు అవునని రాసినవ్ కదా. నువ్వు వచ్చి నా ముందట నిలవడి అవును అని చెప్పు.

సమ్మమ్మ


కొత్తవాడ
24–1–1982

అక్కా,

నవంబర్‌ల నీ దగ్గర రెండొద్దులు ఉన్న. నువ్వు మూడుసార్లు అడిగినవ్, నేను మూడుసార్లు మాట మార్చిన. నీ ముందట చెప్పే ధైర్యం లేకపాయె. ఇగ రాయకుంటే నేను బతకలేను. తిట్టుడు తిట్టు, కొట్టుడు కొట్టు.

నేను వచ్చిన మొదటి సాయంత్రం ఉత్త రేడియో పట్టుకొని ఊరు తిరిగిన. డబ్బ లేదు, తీగ లేదు. మొగిలయ్య ఇంటి కాడ రేడియో మంచిగ పాడింది. సన్నగనన్న బుయ్యి అనలే. లొల్లి చెరువుకట్ట కాడి స్తంభం దగ్గర ఉన్నది. మరునాడు లైన్‌మన్‌ను ఎక్కిస్తే పైన తీగను పట్టే పింగాణి గిన్నె నిలువున పలిగి ఉన్నది, పిడుగో కోతులో. రవ్వ ఆడ కొడుతాంది. గిన్నె మార్చిండు. అప్పటి నుంచి రేడియో సాఫ్ పలుకుతాందని నువ్వే అన్నవ్, ఇరుగుపొరుగుకు కూడ చెప్పినవ్. నేను పక్కనే కూసోని తల కిందికేసుకున్న. మొగిలయ్య ఇంటి స్తంభం కూడ లైన్‌మన్ ఎక్కి చూసిండు, కొండి తగిలిన గీత కూడ లేదు. మొగిలయ్య కొండీ ఏయలే, తీగా కట్టలే.

ఇంకొకటి ఉన్నది, అది ఇంతకన్న పాడు మాట. నేను మెకానిక్‌ను, ఇది నాకు మొదలే తెల్వాలె. రేడియోకు ఇనవడేది రవ్వ మాత్రమే. లూజు ఉన్న కాడనే రవ్వ కొడతది. గట్టిగ కట్టిన తీగ సప్పుడు చెయ్యది. దాంట్ల ఎంత కరంటు పోయినా, రేడియోకు ఏమీ ఇనరాది. ఐలయ్యను సంపిన తీగ గట్టిగ కట్టింది అయితే, ఏ రేడియో తోని వెతికినా దొరకది. వరంగల్‌ల నా చెవికి మించిన మీటర్ లేదని రాసిన నీకు. ఆ చెవి కోసుకున్నా మొగిలయ్య వస్తడా?

ఆ తీగ ఎవనిదో నాకు తెల్వది అక్కా. ఇగ తెల్వదేమో.

నిన్న జైలుకు పోయి బావను కలిసిన. మీసం తీసిండు, మనిషి సగమైండు. గిన్నె సంగతి ఆయనకూ చెప్పిన, మొగిలయ్య కాదని. తల గోడకు కొట్టుకుంటడనుకున్న. ‘కాకపాయె’ అన్నడు, అంతే. పక్షవాతం వచ్చిన మనిషి లెక్క కూసున్నడు. నాకు ఏడుపొచ్చింది. నిన్ను మంచిగ ఉండుమన్నడు. ఇంటెన్క బాయి ఈ ఎండకాలం పూడిక తియ్యొద్దన్నడు, గచ్చు కూలుతదట. రెండుసార్లు చెప్పిండు, మర్వకుంట రాయుమన్నడు. గిన్ని కష్టాలల్ల కూడ ఇంటి ఫికర్ ఇడువలే, పాపం.

నీకు మొఖం చూపెట్టలేని
తమ్ముడు


గుండ్లగూడెం
18–4–1982

తమ్మీ,

నీ ఉత్తరం ముట్టి మూడు నెలలాయె. మొదలు నిన్ను సంపాలనిపిచ్చింది. కత్తిపీట ముందటేసుకొని కూరగాయ కోస్తాంటే నీ మెడనే కనవడ్డది. నువ్వు రాసినవ్, నేను చదివిన, ఆయన నరికిండు. ముగ్గురి చేతులున్నయ్ దాంట్ల. అది నేను మర్వ, నువ్వూ మర్వకు.

తర్వాత బాయి మాట పట్టుకున్నది నన్ను. పదిహేడేండ్ల కాపురంల ప్రతి ఎండకాలం మీ బావే లంగోటి కట్టి దిగి పూడిక తీస్తడు. తియ్యకుంటే నీళ్లు పాచి వాసనొస్తయని నన్నే తిడతడు. గచ్చు మొన్న వానకాలం ముందే కొత్తగ పోసినం. కూలుడేంది? ఉగాది పోయింది, నీళ్లు కిందికి దిగినయ్. మట్టిపనోళ్లను ఇద్దరిని పిలిచి దింపిన.

పూడికల నుంచి తీగచుట్ట వచ్చింది తమ్మీ. దాని ఎంట ఎదురుబొంగు గుంజలు, పన్నెండు. ప్రతి గుంజకు తీగ అంటకుంట సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నయ్. ఒక ముక్క మీద ఎర్ర ప్యాచి ఉన్నది. ఆ ట్యూబు మా ఇంటిది, ఆ ప్యాచి సంత కాడ నేనే ఏయించిన. ముడులు చూసిన. మీ బావ ఏది కట్టినా గంత గట్టిగనే కడతడు. బర్రె పలుపు కట్టినా, కోసిన మోపు కట్టినా ఎవల తోని ఇప్పరాది.

మా చేనుకే కట్టిండు. నాకు చెప్పలే, ఐలయ్యకు చెప్పలే. పోరడు అన్నకు ఆసరైతనని తెల్లారకముందే చేనుకు పోయి ఉంటడు. పోయి దాన్నే పట్టుకున్నడు. మీ బావే చూసి ఉంటడు, సొంత తమ్ముని కాళ్లు పట్టుకొని మొగిలయ్య చేను దాక ఈడ్చిండు. మూడొద్దులు ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు తెలిసింది. నన్నెందుకు తన్నిండో తెలిసింది. నీ ఉత్తరం మూడుసార్లు ఎందుకు చదివిచ్చుకున్నడో తెలిసింది. మొగిలయ్య ఆ తెల్లారంగ చూసిండేమో. ‘అన్నను అడుగు’ అన్నడు. తల మీద ఆరు కుట్లు ఏయిచ్చుకున్న మనిషి గూడ అన్న మీద చెప్పలే, ఊర్ల ఎవలకు చెప్పలే.

ఐలయ్యను సంపాలని తీగ కట్టలే, అది నాకు తెలుసు. దానికైతే నేను మీ బావను కడుపుల పెట్టుకుందును. ఇద్దరం కలిసి ఏడ్తుము. మొగిలయ్యను మాత్రం తెలిసి సంపిండు. దానికి నేను లేను.

తీగ, గుంజలు సంచిల కట్టి పెట్టిన. ఎల్లుండి ఠాణకు పోతాన. నువ్వు బస్సెక్కి రావాలె. నువ్వు రాసింది తప్పని, రేడియో అట్ల చెప్పదని, జమేదార్ ముందట, కోర్టుల, అందరి ముందట నీ నోటితో చెప్పాలె. నీ దుకాణం మూతపడితే పడనియ్యి. రాకపోతే నాకు తమ్ముడు లేడు.

ఠాణకన్న ముందు పూలమ్మ ఇంటికి పోయిన, ఈ పొద్దే, పొద్దుగాల. నన్ను చూసి చీపురు తీసింది. గడప దాటకముందే చెప్పిన, ‘నీ మొగడు తీగ కట్టలే, నా మొగడే కట్టిండు’ అని. చీపురు పక్కకు పడేసి చేతికందిన కట్టెతోని కొట్టింది. మూడు వేళ్ల చేతితోనే కొట్టింది. వీపు మీద, మొఖం మీద, నేను ఉమ్మిన నోటి మీద. నేను చేతులు అడ్డం పెట్టలే. కట్టె ఇరిగింది, చేతితో కొట్టింది. శోష వచ్చి గోడకు ఒరిగి కూసున్నది, నేను కింద కూసున్న. తన గోస చెప్పుకున్నది. ఊళ్లె అందరు ఇన్నొద్దులు ఆ పిల్లలను ‘తీగ కట్టి సంపినోని పిల్లలు’ అని పిలుస్తాన్లట. పెద్దోడు బడి ఇడిసిపెట్టిండట.

అప్పుడు అన్నది, ‘అక్కా, మళ్ల ఒక్కసారి చెప్పు. పిల్లలు ఇనలే’ అని. ముగ్గురిని పిలిచి వరుసగ కూసోవెట్టింది. నేను మొదటి నుంచి చెప్పిన.

సమ్మమ్మ